తక్కెడ పట్టిన చెయ్యి: కళాశాల గడపలో వికలాంగ విద్యార్థి
‘పరస్పర ప్రయోజనాల మధ్య సమతూకం’ అన్న మాట విశ్వవిద్యాలయ పాలకుల నోట, న్యాయస్థానాల తీర్పులలో, విద్యావిధానం మీద జరిగే గోష్ఠులలో చాలా గౌరవంగా వినబడుతూ వుంటుంది. వికలాంగ విద్యార్థి కళాశాలలో చేరతానంటాడు. అతనికి పరీక్షలో కొంత అదనపు సమయం కావాలి, లేదా రాసిపెట్టే మనిషి కావాలి, లేదా మెట్ల పక్కన వాలుదారి కావాలి. మరోవైపు కళాశాలకు తన ప్రమాణాలున్నాయి, బడ్జెట్టు వుంది, తక్కిన విద్యార్థులకు అన్యాయం జరగరాదన్న పట్టింపు వుంది. ఈ రెంటినీ తూచి మధ్యేమార్గం చూడాలంటారు. వినడానికి ఇంతకన్న న్యాయమైన మాట వుండబోదు. అయితే తూకం అన్నాక తక్కెడ వుంటుంది, తూకపురాళ్లుంటాయి, తక్కెడ పట్టిన చెయ్యి వుంటుంది. ఆ చెయ్యి ఎవరిది, ఆ రాళ్ల బరువును నిర్ణయించిందెవరు అన్నవి చరిత్రను అడగవలసిన ప్రశ్నలు. ఆ చరిత్రలో కొన్ని ఘట్టాలను రచయితల ముందు, సాహిత్య విద్యార్థుల ముందు పెట్టాలనుకుంటున్నాను. వాళ్ల ముందే ఎందుకంటే ఈ తగాదాలో పదేపదే ఎదురయ్యే వస్తువులు మనవే: లిపి, పుస్తకం, చేతిరాత, చివరికి ఒక కల్పిత పాత్ర కూడా.

ముందు ఆ పదబంధం పుట్టుక చూద్దాం. మన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ‘సహేతుకమైన సర్దుబాటు’ అనే భావన వుంది. దాని వెన్నంటే ‘మితిమీరిన భారం కాకుండా’ అనే షరతూ వుంది. ఈ రెండూ ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒడంబడిక ద్వారా మన దగ్గరికి వచ్చాయి. ఒడంబడిక కంటె ముందే అవి అమెరికన్ చట్టాలలో వున్నాయి. అయితే అక్కడ వాటి పుట్టిల్లు కళాశాల కాదు, పని స్థలం. శనివారం మాకు పవిత్రదినం, ఆ రోజు పనికి రాలేము అన్న కార్మికుల విషయంలో యజమాని ఎంతవరకు సర్దుకుపోవాలన్న ప్రశ్న లేచినప్పుడు, 1972లో పౌరహక్కుల చట్టానికి చేసిన సవరణలో ఆ మాటలు చేరాయి. యజమాని సర్దుకోవాలి, కాని అతని వ్యాపారానికి మితిమీరిన ఇబ్బంది కలగరాదు. 1977లో ఒక విమాన కంపెనీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఆ ‘ఇబ్బంది’ని ఎంత చులకన చేసిందంటే, నామమాత్రపు ఖర్చును మించితే చాలు యజమాని భరించనక్కరలేదని తేల్చింది. ఆ వ్యాఖ్యానాన్ని సరిదిద్దుకోవడానికి ఆ కోర్టుకు 2023 దాకా పట్టింది. అందువల్ల ఈ పదబంధం విద్యాలయంలో అడుగు పెట్టేనాటికే దాని చంకలో యజమాని జమాఖర్చుల పుస్తకం వుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోకపోతే తరువాతి కథ అర్థం కాదు.

మాట కొత్తదే కాని తగాదా పాతది. పారిస్‌లోని అంధుల పాఠశాలలో లూయీ బ్రెయిలీ అనే కుర్రవాడు, గుర్రపు జీనులూ పగ్గాలూ కుట్టే పనివాడి కొడుకు, 1824లో తన పదిహేనో ఏట చుక్కల లిపిని తయారుచేశాడు. 1829లో అది అచ్చయింది. అప్పటిదాకా ఆ బడిలో వున్న పుస్తకాలు మామూలు అక్షరాలనే కాగితం మీద ఉబ్బెత్తుగా తేల్చినవి. వేలితో తడిమి ఒక్కొక్క అక్షరం పోల్చుకునేసరికి పొద్దుపోయేది. ఇక రాయడమంటారా, ఆ పద్ధతిలో అంధుడు తనంతట తాను రాసుకోవడం దాదాపు అసాధ్యం. కాని చూపున్న ఉపాధ్యాయులకు ఆ పుస్తకాలు హాయిగా వుండేవి, ఎందుకంటే అవి వాళ్లు చదవగలిగినవి. 1840లో డైరెక్టరుగా వచ్చిన దుఫో చుక్కల లిపిని నిషేధించి, ఆ పద్ధతిలో వున్న పుస్తకాలను తగలబెట్టించాడు. పిల్లలు చాటుగా రాసుకుంటూనే వున్నారు. 1844లో పాఠశాల కొత్త భవనాన్ని ప్రారంభించిన సభలో ఆ లిపిని బహిరంగంగా ప్రదర్శించారు. 1852లో బ్రెయిలీ క్షయతో చనిపోయాడు. బడి ఆ లిపిని అధికారికంగా స్వీకరించింది 1854లో.

దుఫోను దుర్మార్గుడిగా చిత్రించి వూరుకుంటే మనకేమీ బోధపడదు. ఆయన వాదాన్ని నేటి భాషలోకి మారిస్తే చక్కని ‘సమతూకం’ వాదమే అవుతుంది. అంధులకు వేరే లిపి వుంటే వాళ్లు సమాజానికి దూరమవుతారు, చూపున్న ఉపాధ్యాయుడికి అజమాయిషీ పోతుంది, వున్న పుస్తకాల మీద పెట్టిన సొమ్ము వృథా అవుతుంది. ఇందులో ప్రతి మాటా ఒక ప్రయోజనమే, కాదనను. కాని చదవవలసినవాడి వేలికి ఏది తేలిక అన్న ఏకైక ప్రశ్న ఆ జాబితాలో లేదు. 1880లో మిలాన్‌లో బధిరుల విద్య మీద జరిగిన అంతర్జాతీయ మహాసభ సంజ్ఞాభాషను తరగతి గదుల నుంచి వెలివేయాలని తీర్మానించినప్పుడూ అంతే. ఓటు వేసినవాళ్లు దాదాపు అందరూ వినగలిగిన ఉపాధ్యాయులు.

ఇక విశ్వవిద్యాలయం సంగతి. 1962లో ఎడ్ రాబర్ట్స్ అనే యువకుడు కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చేరాడు. పద్నాలుగో ఏట వచ్చిన పోలియోతో మెడకింద శరీరం చచ్చుబడింది. రాత్రిళ్లు ‘ఇనుప ఊపిరితిత్తి’ అనే పెద్ద గొట్టం వంటి యంత్రంలో పడుకుంటేనే ఊపిరి ఆడేది. అంతకు ముందు హైస్కూలే అతనికి పట్టా ఇవ్వడానికి వెనుకాడింది. వ్యాయామమూ, కారు నడపడమూ నేర్చుకోలేదట! తల్లి పోరాడి ఇప్పించింది. విశ్వవిద్యాలయ అధికారులు ఇదివరకు ఇటువంటివాళ్లతో ప్రయత్నించి చూశాం, లాభం లేకపోయింది అన్నారు. రాష్ట్ర పునరావాస శాఖ, ఇతను ఎన్నటికీ ఉద్యోగం చేయలేడు కాబట్టి చదువుకు డబ్బివ్వడం దండగ అంది. పత్రికల్లో రాద్ధాంతమయ్యాక ఒప్పుకుంది. వసతిగృహాలలో ఆ యంత్రానికి చోటు లేదు గనుక విద్యార్థుల ఆసుపత్రిలో ఒక గది ఇచ్చారు. అదే సంవత్సరం అక్టోబరులో జేమ్స్ మెరిడిత్ అనే నల్లజాతి విద్యార్థిని మిసిసిపీ విశ్వవిద్యాలయంలో చేర్చడానికి సైన్యాన్ని దింపవలసి వచ్చింది. ఈ రెండు ప్రవేశాలు ఒకే ఏట జరగడం కాకతాళీయం కావచ్చు. తరువాత జరిగినదాన్ని చూస్తే కాకతాళీయం అనబుద్ధి కాదు.

ఆసుపత్రి గదిలో రాబర్ట్స్ ఒక్కడే ఎక్కువ కాలం వుండలేదు. తీవ్ర వైకల్యం వున్న విద్యార్థులు ఒక్కొక్కరే వచ్చి చేరారు, ఆ వార్డు వసతిగృహమైంది, ఆ వసతిగృహం సంఘమైంది. వాళ్లు రోగులుగా వచ్చి ఉద్యమకారులుగా బయటపడ్డారు. వాళ్ల చక్రాల కుర్చీలు ఎక్కడ పాడవుతున్నాయో, ఏ వీధి మూల మెట్టు అడ్డం వస్తోందో, సహాయకులకు జీతం ఎవరివ్వాలో వాళ్లే లెక్కలు వేశారు. 1972లో బర్క్‌లీలో స్వతంత్ర జీవన కేంద్రం వెలిసింది. ఏ పునరావాస శాఖ తన చదువు దండగ అన్నదో, 1970ల మధ్యలో రాబర్ట్స్ ఆ శాఖకే రాష్ట్ర డైరెక్టరయ్యాడు. తూకం వేసినవాడి లెక్క ఎంత తప్పో ఇంత సూటిగా రుజువైన సందర్భం చరిత్రలో అరుదు.

1973 సెప్టెంబరులో అమెరికా పునరావాస చట్టంలో 504వ సెక్షన్ వచ్చింది. ఫెడరల్ ప్రభుత్వపు సొమ్ము తీసుకునే ఏ సంస్థా, ఇతర విధాల అర్హుడైన మనిషిని కేవలం వైకల్యం కారణంగా దూరం పెట్టరాదు. ఇదీ దాని సారం. విశ్వవిద్యాలయాలన్నీ ఆ సొమ్ము తినేవే. చట్టం చేసినవాళ్లు ఆ వాక్యం బరువు గ్రహించినట్టు కనబడదు. గ్రహించినవాళ్లు నిబంధనావళి మీద సంతకం పెట్టకుండా నాలుగేళ్లు నాన్చారు. 1975 నుంచి 1977 జనవరి దాకా ఆ శాఖకు మంత్రిగా వున్న డేవిడ్ మాథ్యూస్ అంతకు ముందు అలబామా విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడు. నిబంధనలు ప్రకటించమని 1976లో న్యాయస్థానం చెప్పినా ఆయన సంతకం పెట్టలేదు. ఏ విద్యాలయాలను తూచాలో ఆ విద్యాలయాల పెద్దమనిషి చేతిలోనే తక్కెడ వుందన్నమాట!

కొత్త ప్రభుత్వం వచ్చాక కూడా, కాలిఫానో మంత్రిగా, ‘పునఃపరిశీలన’ మొదలైంది. 1977 ఏప్రిల్ 5న దేశంలో అనేక నగరాలలో ఆ శాఖ కార్యాలయాల ముందు వికలాంగులు ప్రదర్శనలు జరిపారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో మాత్రం వందకు పైగా జనం లోపలికి వెళ్లి అక్కడే బైఠాయించారు. నెలాఖరు దాకా కదలలేదు. ఇది ఆషామాషీ ధర్నా కాదు. కాథెటర్ మార్చడానికి ఇంకొకరి చెయ్యి కావలసినవాళ్లు, రాత్రి పక్క మీద ఒత్తిగిల్లాలంటే మరొకరు తిప్పవలసినవాళ్లు, మందులు చల్లటి పెట్టెలో దాచుకోవలసినవాళ్లు ప్రభుత్వ కార్యాలయపు నేల మీద మూడు వారాలకు పైగా గడిపారు. అధికారులు టెలిఫోన్లు కోసేస్తే బధిర ఉద్యమకారులు కిటికీల దగ్గర నిలబడి, కింద వీధిలో వున్నవాళ్లకు చేతుల భాషతో కబురందించారు. మిలాన్ మహాసభ వెలివేసిన భాషే ఆ రోజుల్లో ఉద్యమానికి తంతి తపాలా.

మన బోటివాళ్లు ముఖ్యంగా గమనించవలసింది వాళ్లకు అన్నం ఎవరు పెట్టారన్నది. బ్లాక్ పాంథర్ పార్టీ ప్రతిరోజూ వేడి భోజనం తెచ్చి పెట్టింది. ఆ బైఠాయింపులో వున్న బ్రాడ్ లోమాక్స్ ఆ పార్టీ సభ్యుడు, చక్రాల కుర్చీ మనిషి. వాషింగ్టన్ వెళ్లిన ప్రతినిధి బృందానికి యంత్ర కార్మికుల యూనియన్ అండగా నిలిచి, చక్రాల కుర్చీలు ఎక్కే బస్సులు లేవు గనుక సరుకుల లారీ ఏర్పాటు చేసింది. కార్మికులకు, నల్లజాతి ఉద్యమానికి, వికలాంగులకు ‘ప్రయోజనాలు పరస్పర విరుద్ధం’ అని ఆ రోజున ఎవరికీ తోచలేదు. బైఠాయింపు జరుగుతున్న భవనంలోనే కాంగ్రెస్ సభ్యుల విచారణ జరిగింది. అక్కడ ప్రభుత్వ ప్రతినిధి ‘విడిగా, కాని సమానంగా’ అన్న ధోరణిలో మాట్లాడబోతే, జూడీ హ్యూమన్ కన్నీళ్లూ కోపమూ కలగలిసిన గొంతుతో నిలదీసింది. ఆమె 1970లోనే, పిల్లల్ని మంటల నుంచి కాపాడలేవు గనుక టీచరు ఉద్యోగానికి పనికిరావన్న న్యూయార్కు విద్యాబోర్డును కోర్టుకీడ్చిన మనిషి. ఏప్రిల్ 28న కాలిఫానో సంతకం పెట్టాడు. 30న వాళ్లు పాటలు పాడుకుంటూ బయటికి వచ్చారు.

ఉద్యమం గెలిచిన రెండేళ్లకే తక్కెడ మళ్లీ కోర్టు చేతికి పోయింది. ఉత్తర కరోలినాలో డేవిస్ అనే మహిళ అప్పటికే నర్సుగా లైసెన్సు వున్నదే, పై కోర్సులో చేరబోయింది. వినికిడి చాలా తక్కువ. పెదవుల కదలిక చూసి మాటలు గ్రహిస్తుంది. ఆపరేషన్ గదిలో అందరూ ముఖాలకు గుడ్డ కట్టుకుంటారు, నీకు మాట ఎట్లా అందుతుంది, రోగి ప్రాణం మాటేమిటి అని కళాశాల నిరాకరించింది. 1979 జూన్‌లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కళాశాల పక్షం తీర్పు చెప్పింది. అర్హుడంటే వైకల్యం వున్నప్పటికీ కోర్సు కోరే పనులన్నీ చేయగలవాడేనని, కళాశాల తన కోర్సు స్వరూపాన్ని మార్చుకోనక్కరలేదని దాని సారాంశం.

రోగి ప్రాణం అన్న రాయి నకిలీది కాదు. దాన్ని కొట్టిపారేసే విమర్శ నాకు నచ్చదు. కాని నర్సులందరూ ఆపరేషన్ గదిలోనే పనిచేస్తారా? కోర్సులో ప్రతి అంశమూ ప్రతి నర్సుకూ ప్రాణావసరమా, లేక ఎప్పటినుంచో వుంది గనుక వుందా? ఈ పరీక్ష జరగలేదు. పరికరాలు అభివృద్ధి చెందితే అవకాశాలు పెరుగుతాయని ఆ తీర్పే ఒక మూల ఒప్పుకుంది. తరువాతి కాలంలో గుండె చప్పుడును తెరమీద గీతగా చూపే స్టెతస్కోపులు వచ్చాయి, పారదర్శకమైన మాస్కులు వచ్చాయి. 2020లో కోవిడ్ వచ్చి లోకమంతా ముఖానికి గుడ్డ కట్టుకున్నాక, తాము కూడా పెదవులు చూసే సగం వింటున్నామని చెవులున్నవాళ్లకు తెలిసొచ్చింది.

1990ల నాటికి తగాదా మరింత సూక్ష్మమైంది. కంటికి కనబడే వైకల్యం పోయి, చదవడంలో, రాయడంలో, లెక్కలు గ్రహించడంలో మెదడు పడే ఇబ్బందుల దాకా వచ్చింది. ఇక్కడే మన కల్పిత పాత్ర రంగప్రవేశం చేస్తుంది. బోస్టన్ విశ్వవిద్యాలయం ఇటువంటి విద్యార్థులకు మంచి సదుపాయాలిస్తుందని పేరు మోసింది. 1995లో దాని రెండవ స్థానంలో వున్న అధికారి, మరుసటి ఏడు అధ్యక్షుడైన జాన్ వెస్ట్‌లింగ్, తన ఉపన్యాసాలలో సమాంతా అనే విద్యార్థిని కథ చెప్పేవాడు. మొదటి రోజు తరగతి అయిపోయాక ఆ అమ్మాయి ఒక ఉత్తరం పట్టుకుని వచ్చిందట. తనకు విన్నది గ్రహించడంలో వైకల్యం వుంది, ముందు బెంచీ కావాలి, నోట్సు కావాలి, పరీక్షకు అదనపు సమయం, విడి గది కావాలి. అంతేకాదు, తరగతిలో నిద్రపోవచ్చు, నిద్రలో పోయిన పాఠం తరువాత చెప్పాలి అని. శ్రోతలు నవ్వేవాళ్లు. విద్యార్థులు కోర్టుకు వెళ్లాక, ప్రమాణం చేసి చెప్పవలసి వచ్చినప్పుడు, సమాంతా అనే విద్యార్థిని లేనేలేదని, తానే కల్పించానని వెస్ట్‌లింగ్ ఒప్పుకున్నాడు.

సాహిత్య విద్యార్థులు ఈ సంఘటనను తేలిగ్గా వదలకూడదు. పాత్రను కల్పించడం మన వృత్తి. జీవితంలో చెల్లాచెదురుగా వున్న నిజాన్ని ఒక మనిషిలో పోగుచేసి చూపడానికి మనం పాత్రను కల్పిస్తాం. సమాంతా సరిగ్గా దీనికి తలకిందులు: లేని నిజానికి ఒక మనిషి రూపమిచ్చి, వున్న మనుషులను ఆ రూపం వెనక మాయం చేయడం. ఆ పాత్ర నమ్మదగినదిగా కనిపించిందంటే కారణం రచనా కౌశలం కాదు, శ్రోతల మనసులో అప్పటికే వున్న అనుమానం. ‘ఇదంతా సోమరుల నాటకం’ అన్న అనుమానానికి పేరూ వూరూ పెట్టాడు, అంతే. మన వూళ్లలో ‘నకిలీ సర్టిఫికెట్టు’ కథలు తిరిగేదీ ఇదే దారిన. నకిలీ సర్టిఫికెట్లు లేవని కాదు. వున్నాయి, పట్టుకోవలసిందే. కాని ఆ కథ ఎప్పుడూ అసలైనవాడి అభ్యర్థనకు జవాబుగానే ఎందుకు చెప్పబడుతుంది?

1997లో ఆ కేసు తీర్పు విచిత్రంగా రెండు వైపులా మొగ్గింది, నాకు మాత్రం న్యాయంగానే తోచింది. మూడేళ్లకొకసారి మళ్లీ ఖరీదైన పరీక్షలు చేయించుకు రమ్మనడం వంటి నిబంధనలు అన్యాయమన్నది. అయితే విదేశీ భాష చదవడం తప్పనిసరి అన్న నియమాన్ని సడలించాలా వద్దా అన్నది అధికారి ఇష్టాయిష్టాల మీద గాక, అధ్యాపకుల సంఘం కూర్చుని నిజాయితీగా చర్చించి తేల్చాలన్నది. అధ్యాపకులు చర్చించి, భాషా నియమం తమ విద్యకు ప్రాణమని, సడలించబోమని తేల్చారు. కోర్టు ఒప్పుకుంది. అంతకు ముందు 1991లో ఒక వైద్య విద్యార్థి కేసులో మరో కోర్టు చెప్పిందీ ఇటువంటిదే: కాదనే ముందు, వేరే మార్గాలను, ఖర్చును, చదువు మీద వాటి ప్రభావాన్ని పరిశీలించామని కళాశాల చూపించాలి. విద్యార్థి ఓడిపోవచ్చు, కాని ఆలోచన జరిగిందన్న ఆధారం ముందు ఓడాలి. ‘సమతూకం’ అన్న మాటకు ఏదైనా గౌరవప్రదమైన అర్థం వుంటే ఇదేననుకుంటాను.

మన దగ్గరికి వద్దాం. 1995లో వచ్చిన చట్టం విద్యాసంస్థలలో 3 శాతం సీట్లు కేటాయించింది, 2016 చట్టం ఉన్నత విద్యలో 5 శాతం చేసి, గుర్తించిన వైకల్యాలను 7 నుంచి 21కి పెంచింది. కాగితం మీద ఇది పెద్ద అడుగే. గడప దగ్గర కథ వేరు. మచిలీపట్నం ప్రాంతంలోని సీతారామపురంలో వ్యవసాయ కుటుంబంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ పుట్టు అంధుడు. పదో తరగతి గొప్పగా పాసైనా ఇంటర్మీడియెట్‌లో సైన్సు చదవడానికి వీల్లేదన్నారు. కోర్టుకెక్కి అనుమతి తెచ్చుకుని 98 శాతం మార్కులతో పాసయ్యాడు. ఇక్కడి ఐఐటీ శిక్షణాలయాలు చేర్చుకోనంటే అమెరికాలో ఎంఐటీ చేర్చుకుంది. అతని కథను మనవాళ్లు విజయగాథగా చెప్పుకుంటారు, సినిమా కూడా తీశారు. నాకు ఆ గాథలో కోర్టులో గడిచిన నెలలే కనబడతాయి. కోర్టుకెక్కలేని ఎందరు పిల్లలు సైన్సు వదిలి మాట్లాడకుండా ఆర్ట్సు గ్రూపులో చేరి వుంటారు?

వైద్య విద్యలో డేవిస్ కేసు మళ్లీ మన గడ్డ మీద పుట్టింది. రెండు చేతులూ స్పర్శతో, బలంతో, సంపూర్ణంగా వుంటేనే ప్రవేశమన్న నియమం వుండేది. 2024 అక్టోబరులో మన సుప్రీంకోర్టు, శాతం ఎంతన్నది కాదు, ఆ మనిషి ఆ కోర్సు చదవగలడా లేదా అన్నది పరిశీలించి తీరాలంది. 2025 ఫిబ్రవరిలో మరో కేసులో, ‘రెండు చేతులూ’ అన్న నియమమే వికలాంగుల పట్ల చిన్నచూపుతో కూడినదని తప్పుపట్టింది. 1979లో అక్కడ అడగని ప్రశ్నను 45 ఏళ్ల తరువాత ఇక్కడ అడిగారు.

అయినా మన కళాశాలల్లో అసలు యుద్ధభూమి పరీక్ష హాలు. దాని కేంద్రం స్క్రైబ్, అంటే చూపులేని విద్యార్థి చెబుతుంటే రాసిపెట్టే మనిషి. పరీక్షాధికారి భయమల్లా ఒకటే: రాసేవాడు తన తెలివితో రాసేస్తే? ఈ భయానికి మందుగా స్క్రైబ్ చదువు విద్యార్థి చదువుకన్న తక్కువ వుండాలన్నారు. 2013 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు ఆ ఆంక్షను ఎత్తేసి, కావలిస్తే నిఘా పెంచుకోండి అన్నాయి. గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయమూ ఇచ్చాయి. 2018 ఆగస్టులో, విద్యార్థి తానే స్క్రైబ్‌ను తెచ్చుకుంటే ఆ మనిషి చదువు ఒక మెట్టు తక్కువ వుండాలని మళ్లీ చేర్చారు. తక్కెడ ఇటు వంగి, మళ్లీ అటు వంగింది. ఇది నిర్వాహకుల దృష్టిలో నిష్పాక్షికత.

ఆచరణలో దీని అర్థమేమిటో తెలుగు పరీక్ష పేపర్లు దిద్దినవాళ్లకు తెలుసు, నాకూ తెలుసు. ఎం.ఏ. తెలుగు విద్యార్థి ప్రబంధ కవిత్వం మీద జవాబు చెబుతాడు. పక్కన కూర్చున్నది ఇంగ్లీషు మీడియంలో చదివిన ఇంటర్ కుర్రవాడు. ‘ఉత్ప్రేక్ష’ అన్న మాటకు వత్తులు ఎక్కడ పెట్టాలో అతనికి తెలియదు. ‘చంపకమాల’ గణాలు చెబుతుంటే అవి ఏమిటో అంతుపట్టదు. చెప్పేవాడు ప్రతి సంయుక్తాక్షరాన్నీ విడదీసి చెప్పాలి. దానికి పట్టే కాలం ఆ అదనపు 20 నిమిషాల్లోంచే పోవాలి. రాసినదాన్ని తిరిగి చదివించుకునే వ్యవధి వుండదు. దిద్దేవాడి చేతికి వచ్చేది తప్పుల తడక. అతను ఎర్రసిరాతో సున్నాలు చుడతాడు, సున్నాలు పడేది విద్యార్థి పేరు మీద. ఆ కుర్రవాడినీ తప్పుపట్టలేం. తన పరీక్షలు పక్కన పెట్టి, మూడు నాలుగు గంటలు వంగి రాసి, బస్సు ఛార్జీలు కూడా పుట్టకుండా ఇంటికి పోయేవాళ్లను ఎరుగుదును. ‘పరస్పర ప్రయోజనాల’ జాబితాలో ఈ స్క్రైబ్ శ్రమ ఎన్నడూ లెక్కకు రాలేదు. వీళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలు కావడం కూడా నేను గమనించిన విషయం.

2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఈ చరిత్రలో మలుపు. చేతికి రాత వంకర వచ్చే జబ్బున్న ఒక వైద్యుడు సివిల్ సర్వీసు పరీక్షకు స్క్రైబ్‌ను అడిగాడు. నీ వైకల్యం 6 శాతమే, 40 శాతం లేనిదే ఇవ్వము అన్నారు. రిజర్వేషనుకు పెట్టిన కొలబద్ద రాతసాయానికి పెట్టడమేమిటని కోర్టు నిలదీసి, ఎవరో కొందరు దుర్వినియోగం చేస్తారన్న భయంతో హక్కునే కాదనడం కూడదంది. అదే సంవత్సరం నవంబరులో ఇంకో తీర్పు. రాయడంలో వైకల్యమున్న ఒక అమ్మాయికి వైద్య ప్రవేశపరీక్షలో ఇవ్వవలసిన అదనపు గంట ఇవ్వకుండా పేపరు లాక్కున్నారు. మళ్లీ పరీక్ష పెట్టమంటే, దేశమంతటా 15 లక్షలకు పైగా రాసిన పరీక్ష అది. కోర్టు మళ్లీ పరీక్ష వద్దంది. కాని అంతటితో చేతులు దులుపుకోలేదు. పెద్ద పోటీలో ఒకరిద్దరికి ఇటువంటివి తప్పవనుకోవడం కుదరదు, ఆమెకు జరిగిన అన్యాయాన్ని ఎట్లా సరిచేస్తారో పరీక్ష పెట్టిన సంస్థే మార్గం చూడాలని ఆదేశించింది. లక్షలమంది ఒక పళ్లెంలో, ఒక్కతె ఇంకో పళ్లెంలో వున్నా పళ్లెం తేలిపోకుండా చూడవచ్చునని ఇక్కడ రుజువైంది.

భాష గురించి ఒక మాట. ‘వికలాంగులు’ అనవద్దని, ‘దివ్యాంగులు’ అనాలని కేంద్ర ప్రభుత్వం 2016లో శాఖ హిందీ పేరునే మార్చింది. మన తెలుగు ఉత్తర్వుల్లో ‘విభిన్న ప్రతిభావంతులు’ వచ్చింది. పేరు మార్చడానికి సిమెంటు అక్కరలేదు, వాలుదారికి కావాలి. ఆ మధ్యలో హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు అధ్యయనాన్ని ఆధారం చేసుకుని, 2024 నవంబరులో సుప్రీంకోర్టు, భవనాల అందుబాటు ప్రమాణాలను తప్పనిసరి చేయకుండా సలహాల స్థాయిలో వదిలేసిన నిబంధన చెల్లదని చెప్పవలసి వచ్చింది. మన సామెతల సంగతి చెప్పనక్కరలేదు. చెవిటివాడి ముందు శంఖం మనదే, గుడ్డెద్దు చేలో పడడమూ మనదే. వాలుదారి కట్టకుండా తప్పించుకునేవాడి సాకుకు కూడా ‘కుంటి’సాకు అని పేరు పెట్టి, ఆ నింద సైతం వికలాంగుడి నెత్తినే వేశాం.

చివరగా మన ఇంటి లెక్క. రచయితలమైన మనం కూడా ఈ తగాదాలో ఒక పక్షమే. పుస్తకాన్ని బ్రెయిలీలోకో, ధ్వనిరూపంలోకో మార్చాలంటే రచయిత అనుమతి కావాలా? రచయిత హక్కు ఒకవైపు, పాఠకుడి చదువు ఒకవైపు. 2012లో మన కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ, వికలాంగుల ఉపయోగానికి లాభాపేక్ష లేకుండా పుస్తకాన్ని వాళ్లకందే రూపంలోకి మార్చుకోవచ్చునని తేల్చింది. 2013లో మర్రకేష్‌లో ఇదే విషయమై అంతర్జాతీయ ఒప్పందం కుదిరితే, 2014లో దానిని మొట్టమొదట ధ్రువీకరించిన దేశం భారతదేశమే. మన రచయితలెవరూ దీనికి అడ్డుపడినట్టు వినలేదు, సంతోషం. కాని అనుమతి వున్నా మార్చడానికి సరుకు వుండాలి కదా. కంప్యూటరులో అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేరు తెలుగులోనూ వచ్చింది. అది చదవగలిగేది యూనికోడ్ అక్షరాలను. మన పత్రికలూ పుస్తకాలూ మూడు దశాబ్దాలుగా చాలావరకు అను ఫాంట్లలో కూర్చబడ్డాయి. ఆ ఫైలును ఆ సాఫ్ట్‌వేరుకు ఇస్తే అర్థం లేని రోమన్ గుర్తులు పలుకుతుంది. పాత పుస్తకాల స్కానింగులైతే దానికి ఉత్త బొమ్మలు. అభ్యుదయ సాహిత్యంలో పెద్ద భాగం ఈ రెండు గోనెసంచుల్లోనే వుంది. ఫాంటు మార్చే పనిముట్లు దొరుకుతున్నాయి. మార్చాక వత్తులూ గుణింతాలూ సరిచూసే మనిషి ఒకరు కావాలి, ఒక నవలకు నాలుగైదు రోజుల పని. ప్రచురణకర్తలను అడిగితే, ఫైలు బయటికిస్తే దొంగ ముద్రణలు వస్తాయంటారు. ఇది పరీక్షాధికారి అన్న మాటే. ఈలోగా తెలుగు ఎం.ఏ. చదివే చూపులేని విద్యార్థులు సిలబస్‌లో వున్న నవలను, సాయంకాలం ఎవరికి తీరిక దొరికితే వాళ్ల చేత పైకి చదివించుకుని, సెల్‌ఫోనులో రికార్డు చేసుకుంటున్నారు. ఆ రికార్డులు ఒక సంవత్సరం వాళ్ల నుంచి మరుసటి సంవత్సరం వాళ్లకు చేతులు మారుతున్నాయి.